సొరంగం మన పేరు మీద, కాగితం బీరువాలో



పోలవరం నుంచి గోదావరి వరద నీళ్లను బనకచర్లకు తెస్తామనే మాట 2024 చివర నుంచి వింటానే ఉన్నాం. 200 టీఎంసీలు, రూ.80 వేల కోట్లకు పైగా ఖర్చు. టీవీ పెడితే చాలు, ఆంధ్రా నాయకులొక పక్క, తెలంగాణ నాయకులొక పక్క. ఆ కొట్లాటలో ఎవరిది న్యాయమో చెప్పడానికి నేను రాయడం లేదు. దాంట్లో ఎవరూ మాట్లాడని ముక్క ఒకటుంది. నీళ్లు పల్నాడులో బొల్లాపల్లి దాకా వచ్చినాక బనకచర్ల వైపు దిగాలంటే నల్లమల అడ్డం వస్తుంది. ఆ కొండల కింద సొరంగం తవ్వాల. ఎందుకంటే రాయలసీమ కరువు తీర్చడానికంట. అంటే మన కోసం.

నాది శింగనమల మండలంలో ఒక సుగాలీ తండా. దేశంలో జైసల్మేర్ తర్వాత అంత తక్కువ వాన పడే జిల్లా మాదని చిన్నప్పటి నుంచి బడిలో చెప్పించుకున్నోళ్లం. ఏడాదికి 550 మిల్లీమీటర్లు, అదీ పడితే. శెనక్కాయ ఎండిపోయిన సంవత్సరం తండాలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి, బెంగళూరుకో కేరళకో బండెక్కుతారు. కాబట్టి నీళ్ల విలువ మాకు ఎవరూ నేర్పించనక్కర్లేదు. కానీ నా దాహం పేరు చెప్పి ఒక కొండ కింద తవ్వుతామంటే, ఆ కొండ మీదుండే చెంచులకు ఏం చెప్పినారు, ఏ భాషలో చెప్పినారు, వాళ్లేమన్నారు అని అడగాల్సింది ముందు నేనే. ఈ వ్యాసంలో నేను చెప్పేది ఇంతే.

ఇప్పుడు ఎందుకు అడగాలంటే, ఇదే సరైన టైము. కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ 2025 జూన్‌లో ఈ ప్రతిపాదనను వెనక్కి పంపింది. గోదావరి ట్రిబ్యునల్ తీర్పు సంగతి తేల్చుకోండి, కేంద్ర జలసంఘంతో మాట్లాడండి అని చెప్పింది. చానా మంది ప్రాజెక్టు అయిపోయిందనుకున్నారు. కాలేదు. తర్వాత అదే పథకాన్ని కాస్త మార్చి, బనకచర్ల బదులు వెలిగొండ ప్రాజెక్టు కిందున్న నల్లమల సాగర్ దాకా అని మళ్లీ మొదలుపెట్టినారు. రూటు మారుతుంది, పేరు మారుతుంది. ఏ పేరుతో వచ్చినా అది బహిరంగ విచారణ దాటే పోవాల. ఆ దశ ఇంకా రాలేదు.

బహిరంగ విచారణ అంటే మనలో చాలామందికి షామియానా, పోలీసులు, మైకు, గొడవ. అసలు పని దానికి ముప్పై రోజుల ముందే ఉంటుంది. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం, ప్రాజెక్టు వల్ల పర్యావరణానికి ఏం జరుగుతుందో చెప్పే ముసాయిదా నివేదికను కలెక్టర్ ఆఫీసులో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఆఫీసులో, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో పెట్టాల. దాని సారాంశం ఇంగ్లీషులోనూ, స్థానిక భాషలోనూ ఉండాల. ఎవరైనా పోయి చూడొచ్చు. మన దేశంలో ప్రజలకు సమాచార కేంద్రం అంటే ఇవే. వేరే బోర్డేమీ ఉండదు.

స్విట్జర్లాండ్‌లో 57 కిలోమీటర్ల గోథార్డ్ రైలు సొరంగం తవ్వేటప్పుడు ఎర్స్ట్‌ఫెల్డ్‌లో, పొల్లేజియోలో, అంటే రెండు చివర్లా సమాచార కేంద్రాలు కట్టినారు. జనం పిల్లల్ని తీసుకుని పోయి చూసేవాళ్లు. మనకు అంత అక్కర్లేదు. బీరువా తాళం తీస్తే చాలు.

ఆ తాళం సంగతి చూద్దామనే నేనూ, మా తండా తమ్ముడొకడూ, పక్క ఊరి ఎరుకల స్నేహితురాలూ కలిసి రెండు రోజులు తిరిగినాం. బనకచర్ల కాగితాలు అక్కడ ఉండవని తెలుసు, ఆ దశ రాలేదు కదా. రేపు వస్తే యాడ పెడతారు, ఎవరు చూపిస్తారు, చదువు రానోళ్లు వస్తే ఎవరు చెప్తారు, అది కనుక్కుందామని పోయినాం. ఆఫీసుల పేర్లు రాయను, ఎందుకంటే ఒక్క ఆఫీసుదే తప్పు కాదిది.

మొదటి చోట, "ఏమ్మా, ఏ సర్టిఫికెట్ కావాలా?" అన్నారు. మన మొగాలు చూస్తే కులం సర్టిఫికెట్టే గుర్తొస్తుందేమో. విషయం చెప్తే ఇంకో సెక్షన్‌కు పొమ్మన్నారు. ఆ సెక్షన్ ఆయన మంచోడే, కూర్చోబెట్టినాడు. "అవన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి కదమ్మా, డిగ్రీ చదివినావంటివి, ఫోన్‌లో చూసుకో" అన్నాడు. ఆన్‌లైన్‌లో ఉన్నది పరివేష్ పోర్టల్. అందులో ఎక్కించే నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయి, వందల పేజీలు. మా తండాలో కొండ గట్టుకు పోతే గానీ సిగ్నల్ రాదు. చెంచు గూడేల్లో ఎట్లుంటుందో మీరే అనుకోండి.

రెండో చోట మేం, "పాత ప్రాజెక్టుదైనా సరే, ఒక నివేదిక చూపించండి సార్, ఎట్లుంటుందో చూస్తాం" అన్నాం. అరగంట వెతికి ఒక బీరువా తీసినారు. దుమ్ము దులిపి ఇచ్చిన పుస్తకం లావుగా ఉంది, మొత్తం ఇంగ్లీషు. దాని వెనకాల పిన్ను కొట్టిన నాలుగు తెలుగు కాగితాలు. సంతోషంగా తీసుకుని చదివితే, అందులో "తవ్వకం ద్వారా ఉత్పన్నమగు శిలా వ్యర్థముల నిక్షేపణ స్థలి" అని ఉంది. నేను తెలుగు మీడియంలో చదివినదాన్ని. రెండు సార్లు చదివినాక గానీ అది తవ్విన రాయీ మన్నూ పోసే చోటని తెలియలేదు. ఫోటో తీసుకోవచ్చా అంటే పై సార్‌ను అడగాలన్నారు. పై సార్ మీటింగ్‌లో ఉన్నారు. మా తమ్ముడు అక్కడే నిలబడి నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ఆ రాత్రి తండాలో ఆ రాసుకున్నది చదివి, మా యాడికి గోర్ బోలీలో చెప్పినాను. ఆమె బడికి పోలేదు. వినీ వినంగానే రెండు ప్రశ్నలు అడిగింది. ఆ మన్నంతా యాడ పోస్తారు? ఆడ ఇంతకు ముందు ఊట ఉంటే అదేమవుతుంది? పిన్ను కొట్టిన ఆ నాలుగు పేజీల్లో మొదటిదానికి సగం జవాబుంది, రెండోదానికి ఏమీ లేదు. నివేదిక అర్థం కావాలంటే చదువు కావాలంటారే, కాదు. అర్థమయ్యే మాటల్లో చెప్పేవాళ్లు కావాల.

సొరంగం గురించి ఎక్కువగా వినపడే మాట ఒకటుంది. కాలువ అయితే భూమి పోతుంది, ఊరు పోతుంది, సొరంగం అడుగున పోతుంది కాబట్టి పైనున్నోళ్లకు ఏమీ కాదు అని. మీరే లెక్క వేసుకోండి. పది మీటర్ల వెడల్పు గుండ్రటి సొరంగం ఒక కిలోమీటరు తవ్వితే 78 వేల ఘనపు మీటర్ల రాయి బయటికి వస్తుంది. ఒక టిప్పర్ పది ఘనపు మీటర్లు ఎత్తుతుందనుకుంటే దాదాపు ఎనిమిది వేల టిప్పర్లు, ఒక్క కిలోమీటరుకే. పగిలిన రాయి ఉబ్బుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే. అది పోయడానికి చోటు కావాల, పోవడానికి రోడ్డు కావాల, పనోళ్లకు క్యాంపు కావాల, పేలుడు మందుకు గోడౌన్ కావాల. ఇవన్నీ కొండ మీదా, కొండ పక్కనే. కింద రాతి పొరల్లో నీటి దారి తెగితే పైన ఊట ఎండిపోవచ్చు. అడవిలో ఊటంటే చెంచులకు తాగే నీళ్లు.

నల్లమలలో సొరంగం మనకు కొత్త కాదు, కాబట్టి ఊహించి చెప్పే పని లేదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం, అందరూ ఎస్‌ఎల్‌బీసీ అంటారు, దాదాపు 44 కిలోమీటర్లు. 2005లో కాంట్రాక్టు ఇచ్చినారు. నల్గొండ ఫ్లోరైడ్ ఊర్లకు నీళ్లు ఇస్తామని. ఆ ఊర్ల కష్టం నిజమైనదే, మన కరువు ఎంత నిజమో అంత నిజం. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం కాబట్టి మధ్యలో ఎక్కడా బయటికి దారి లేకుండా రెండు చివర్ల నుంచే తవ్వాల్సి వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి నీళ్లూ బురదా దూసుకొచ్చినాయి. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. నెల రోజులు వెతికితే ఇద్దరి శవాలు దొరికినాయి. మిగతా ఆరుగురి ఇళ్లోళ్లకు మట్టి చేసుకోవడానికి కూడా ఏమీ ఇవ్వలేకపోయినారు.

ఆ ఎనిమిది మందిలో నలుగురు ఝార్ఖండ్‌లో గుమ్లా జిల్లా నుంచి వచ్చినోళ్లు. గుమ్లా ఐదో షెడ్యూల్ జిల్లా. కొండ పైన చెంచులు, కొండ లోపల గుమ్లా కూలీలు. ప్రమాదం తర్వాత పత్రికల్లో ఇంకో సంగతి వచ్చింది. సరిగ్గా ఆ చుట్టుపక్కల రాయి బలహీనంగా ఉందనీ, నీటి ఊట ఉందనీ 2020లో చేసిన సర్వేలోనే హెచ్చరిక ఉందంట. అంటే సమాచారం ఉంది. ఎవరి ఫైల్లోనో ఉంది. లోపలికి పోయే మనిషికీ, పైనుండే మనిషికీ మాత్రం చేరలేదు. సమాచార కేంద్రం అంటే ఏదో ఎన్జీవోల ముచ్చట అనుకునేవాళ్లకు నేను ఈ ఒక్క ఉదాహరణ చెప్తా.

మన రాష్ట్రం వైపు వెలిగొండ చూడండి. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నుంచి దోర్నాల వైపుకు రెండు సొరంగాలు, ఒక్కోటి 18 కిలోమీటర్లకు పైనే. 1996లో శంకుస్థాపన. 2024 మార్చిలో సొరంగాలను జాతికి అంకితం చేసినారు. అప్పటికి ఆ నీళ్లు నింపే నల్లమల సాగర్ కింద మునిగే పదకొండు ఊర్ల పునరావాసం పూర్తి కాలేదు. ఫోటోలో సొరంగం బాగుంది. నాతో డిగ్రీ చదివిన చెంచు స్నేహితుడు ఆ పక్క గూడెం వాడే, ఫోన్‌లో మాట్లాడినప్పుడు అన్నాడు: "అక్కా, మా గూడేనికి కాగితం వచ్చిందంటే అది ఫారెస్టోళ్ల నోటీసే. పులి గురించి చెప్పడానికి వస్తారు, సొరంగం గురించి చెప్పడానికి ఎవరొస్తారు?"

ఇప్పుడు చట్టంలో మనకు ఉపయోగపడేవి చెప్తా, ఎందుకంటే ఇవి మన పిల్లలకు తెలియాల.

అదే 2006 నోటిఫికేషన్ అనుబంధంలో, పేపర్లు చేరని చోట డప్పు కొట్టించి, రేడియోలో టీవీలో చెప్పి విచారణ సంగతి తెలియజేయాలని రాసి ఉంది. డప్పు అని నేను కలిపింది కాదు. విచారణ చివర్లో, ఏం మాట్లాడినారో సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడే జనానికి చదివి వినిపించాల. మొత్తం వీడియో తీయాల. అయితే ఒక మోసమూ ఉంది. ఇంతమంది వస్తేనే విచారణ చెల్లుతుందనే లెక్క లేదు. పదిమంది వచ్చినా జరిగినట్టే. మనకు తెలియక పోకపోతే, పోనోళ్లంతా ఒప్పుకున్నట్టే ఫైలు కదులుతుంది.

సమాచార హక్కు చట్టం, 2005లో నాలుగో సెక్షన్ కూడా చూడండి. ఎవరూ అడగకముందే ప్రభుత్వం సమాచారం బయటపెట్టాలనీ, అదీ స్థానిక భాషను, ఆ ప్రాంతంలో జనానికి బాగా చేరే పద్ధతిని లెక్కలోకి తీసుకుని చెప్పాలనీ ఉంది. చదువు రాని గూడెంలో బాగా చేరే పద్ధతి వెబ్‌సైటా?

ఇక అడవి హక్కుల సంగతి. అనంతపురం, కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల్లో ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు. కాబట్టి పెసా చట్టం మనకు వర్తించదు. ఉన్నదల్లా 2006 అటవీ హక్కుల చట్టం. 2009 ఆగస్టు ఉత్తర్వు ప్రకారం అడవి భూమిని వేరే పనికి ఇవ్వాలంటే గ్రామసభ ఒప్పుకోవాల. 2013 ఫిబ్రవరిలో దాన్ని సడలించి, రోడ్లు, కాలువలు, పైపులైన్ల లాంటి వాటికి గ్రామసభ అక్కర్లేదన్నారు. ఇక్కడే ఒక మినహాయింపు వదిలినారు: ఆదిమ తెగల గుర్తించిన హక్కులకు దెబ్బ తగిలే చోట ఈ సడలింపు వర్తించదు. చెంచులు ఆ జాబితాలో ఉన్నోళ్లే. కాలువ పేరు చెప్పి సొరంగాన్ని గ్రామసభ లేకుండా దాటించాలని చూస్తే, ఈ ఒక్క వాక్యం అడ్డం పడుతుంది.

కానీ ఆ వాక్యంలో "గుర్తించిన" అనే మాట ఉంది. పట్టా ఉంటే, సామూహిక హక్కు పత్రం ఉంటే, ఆవాస హక్కు గుర్తిస్తే పనికొస్తుంది. లేకుంటే లేదు. పైగా 2022 అటవీ నిబంధనలు వచ్చినాక హక్కుల లెక్క తేల్చే పనిని కేంద్రం అనుమతి తర్వాతికీ, రాష్ట్రం మీదికీ నెట్టినారు. అందుకే సొరంగం గురించి మాట్లాడేవాళ్లు గూడేల్లో హక్కు పత్రాల గురించి ఇప్పుడే మాట్లాడాల. నియమ్‌గిరిలో 2013లో పన్నెండు గ్రామసభలు వేదాంత గనిని వద్దన్నాయంటే, సుప్రీంకోర్టు తీర్పు ఒక్కటే కారణం కాదు. ఊర్లోనే, వాళ్ల భాషలోనే, వాళ్ల దేవుడి కొండ గురించి మాట్లాడుకునే అవకాశం దొరికింది.

మా ఇంట్లో, మా తండాలో నాకు ఎదురయ్యే ప్రశ్న నాకు తెలుసు. మా మామ మొహం మీదే అడిగినాడు: "నీళ్లు వస్తాయంటే నువ్వు అడ్డం పడతావేంది?" అడ్డం పడటం లేదు మామా. నీళ్లు వస్తాయా అని అడుగుతున్నా. శింగనమల చుట్టుపక్కలకు ఇప్పుడు వచ్చేది తుంగభద్ర హెచ్చెల్సీ నీళ్లు, హంద్రీనీవా నీళ్లు. బనకచర్ల నుంచి మన పొలానికి నేరుగా పారే కాలువ లేదు, మన పీఠభూమి దానికంటే చానా ఎత్తు. అక్కడ గోదావరి నీళ్లిస్తే ఇక్కడ కృష్ణా నీళ్లు మిగులుతాయి, వాటిని మనకు ఎత్తిపోస్తారు అనేది ఒక లెక్క. ఆ లెక్క నిజమైతే అనంతపురానికి ఎన్ని టీఎంసీలు, ఏ కాలువలో, ఏ నెలలో అని నివేదికలో రాయమందాం. రాయకపోతే మన కరువు ఫోటో వాడుకున్నారని అర్థం. హంద్రీనీవా కాలువ పక్కనే ఉండి చెరువుకు నీళ్లు రాని ఊర్లు మనకు తెలియవా?

ఇంకొకటి, ఈ నీళ్లు మొదలయ్యే చోటు పోలవరం. అక్కడ దాదాపు లక్ష కుటుంబాలను కదిలించే ప్రాజెక్టు అది, అందులో సగం దాకా ఆదివాసులు, కోయలు, కొండరెడ్లు. నల్లమలలో 1981లో శ్రీశైలం కింద వందకు పైగా ఊర్లు ఖాళీ చేయించినారు. ఒక చివర కోయ, మధ్యలో చెంచు, ఇంకో చివర కరువులో సుగాలీ, ఎరుకల. ఎస్టీ జాబితా గురించి మనలో మనకు ఉన్న గొడవలు నాకు తెలుసు, అవి ఇక్కడ తేలవు. కానీ ఈ కాగితం విషయంలో మన ప్రయోజనం ఒక్కటే. కరువు జిల్లా వాళ్లం నిలబడి "మా పేరు మీద చేస్తున్నారు కాబట్టి ముందు చెంచు గూడెంలో చదివి చెప్పండి, తర్వాతే మా దగ్గరికి రండి" అంటే, దాన్ని అభివృద్ధికి వ్యతిరేకం అని కొట్టిపారేయడం అంత తేలిక కాదు.

మేం మొదలుపెట్టిన పని చిన్నది. ఆ నాలుగు పేజీల్లోని మాటలను మామూలు తెలుగులో రాసుకున్నాం, గోర్ బోలీలో ఫోన్‌లో రికార్డు చేసినాం, మూడు నిమిషాలకు ఒకటి చొప్పున. ఎరుకల భాషలో మా స్నేహితురాలు చేస్తోంది. సొరంగం వస్తే అడగాల్సిన ప్రశ్నలు కూడా రికార్డు చేస్తున్నాం: మన్ను ఏ సర్వే నంబర్లో పోస్తారు, ఊటలను ముందుగా లెక్క పెట్టినారా, పెడితే ఆ జాబితా యాడుంది, రాతి సర్వే నివేదిక బయటపెడతారా, లోపల పనిచేసే కూలీలకు వాళ్ల భాషలో ప్రమాదం గురించి ఎవరు చెప్తారు. మొదటి రెండు మా యాడివే.

ఎర్రగొండపాలెం, దోర్నాల, ఆత్మకూరు, బొల్లాపల్లి వైపు గూడేల్లో చదువుకుంటున్న చెంచు తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎవరైనా దీన్ని చదువుతుంటే మాకు రాయండి. మీ మాటల్లో రికార్డు చేయాల్సింది మీరే, మేం కాదు. మండలాల్లో ఉన్నోళ్లు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు. తెల్ల కార్డు ఉంటే ఎక్కడా లేదు. రోజూ పేపరు చూసే అలవాటు ఉన్నోళ్లు వెనక పేజీల్లో కాలుష్య నియంత్రణ మండలి ప్రకటనలు వదలకుండా చూడండి, చిన్న అక్షరాల్లో ఉంటాయి. విచారణ నోటీసు కనపడిన రోజే తేదీతో సహా ఫోటో తీసి పంపండి. ముప్పై రోజుల లెక్క ఆ పొద్దు నుంచే మొదలవుతుంది.